గోనెపట్టా మీద కూర్చోని నెల

మా ఎస్టేట్‌లో నా భార్యను అబద్ధాలకోరు అన్నారు. ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు. అసలు ఆ విషయంలో ఆమె నోరే విప్పలేదు. నోరు విప్పని మనిషి అబద్ధం ఎలా ఆడుతుందని నేను అప్పుడు అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. అన్నవాళ్లలో చాలామంది పోయారు. వాళ్లు పోయినంత మాత్రాన ఆ మాట న్యాయమైపోదు.

జరిగింది ఇంతే. ఆమెకు నెల తప్పింది. పెళ్లయిన పిల్లకు నెల తప్పితే కడుపేనని మా కూలీల లైన్లలో, అంటే వరస ఇళ్లలో, అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆ నిర్ణయం తప్పని తేలిన రోజున, తప్పు నిర్ణయించినవాళ్లది కాకుండా ఆమెది అయింది.

నేను బడిలో చదువుకున్నది చాలా తక్కువ. తమిళం పొట్లాలు కట్టిన పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. తెలుగు మా నాన్న ఇసుకలో వేలితో రాసి చూపించినంత, ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివినంత. ఇంగ్లీషు మందు సీసాల మీద, డబ్బాల మీద. అందుకని నాకు ఏ మాటా చెవిన పడి పోదు. దాన్ని పట్టుకుని ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది అని తిప్పి చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

మాది మలయాలో సుంగై సుమున్ దగ్గర రబ్బరు ఎస్టేట్. తెల్లదొరల మీద కమ్యూనిస్టులు అడవిలోంచి పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్నవాళ్లకు తిండి అందకూడదని మా లైన్ల చుట్టూ ముళ్లకంచె వేసి, ఒకే ఒక గేటు పెట్టారు. పొద్దున్నే పనికి పోయేటప్పుడు మగవాళ్లను మగవాళ్లు, ఆడవాళ్లను ఆడవాళ్లు తడిమి చూసి పంపేవారు. రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి పోయే మనిషి పిడికెడు అన్నం కూడా వెంట తీసుకుపోకూడదు. చీకటితో నల్లకాఫీ తాగి తోటలోకి పోతే, మధ్యాహ్నం తిరిగి కంచె లోపలికి వచ్చాకే నోట్లోకి ఏమైనా పోయేది. కొట్టులో పాలడబ్బా కొన్నా కొట్టువాడు ముందే దానికి చిల్లు పొడిచి ఇవ్వాలి, ఎవరూ దాచి బయటికి పంపకుండా. చిల్లు పడ్డ డబ్బాకు చీమలు పట్టేవి. చీమల్ని ఊదుకుంటూ తాగేవాళ్లం.

కంచె లోపల చోటు చాలక ఇళ్లన్నీ దగ్గరగా నెట్టారు. అంతకుముందు ప్రతి వరస ఇళ్ల వెనకా కాస్త ఖాళీ, కాసిని అరటిచెట్లు ఉండేవి. ఇప్పుడు ఒక వరస వెనక వసారాలు ఇంకో వరస ముంగిళ్లకు ఎదురెదురుగా వచ్చాయి. ఇది రాసింది ఎందుకంటే, మా తెలుగువాళ్ల ఆడవాళ్లు బయట చేరినప్పుడు కూర్చునేది ఆ వెనక వసారాల్లోనే. మూడు రోజులు ఒక గోనెపట్టా, వేరే కంచం, వేరే చెంబు. ఆ మూడు రోజులూ పనికి మాత్రం పోవాల్సిందే, రబ్బరు చెట్లకు మైల అంటదు కదా. పని నుంచి వచ్చాక వంటింటి గడప తొక్కకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. అరటిచెట్ల చాటున జరిగినంత కాలం అది ఆ ఇంటి సంగతి. కంచె వేశాక ఎదుటి వరసలో కాఫీ తాగుతూ కూర్చున్న వాళ్లందరి సంగతీ అయిపోయింది. ఏ ఇంటి పిల్ల ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు కూర్చోలేదు, అన్నీ అందరికీ తెలుసు.

మా ఆవిడది సుంగై సిపుట్. తండ్రి మన తెలుగాయన, తల్లి తమిళ మనిషి. ఈమె పాలు తాగే వయసులోనే తల్లి పోయింది. పిన్ని ఇంట్లో పెరిగింది. ఆ పిన్నికి సొంత కూతుళ్లున్నారు. పెళ్లినాటికి ఈమెకు తెలుగు అర్థమయ్యేది కానీ, మాట్లాడబోతే సగంలో తమిళంలోకి జారిపోయేది. మా అమ్మకు అదొక లోటు. నాన్న పోయాక ఒంటిచేత్తో చెట్లు గీసి నన్ను పెంచిన మనిషి మా అమ్మ. చెయ్యి మోటు, మాట అంతకన్నా మోటు. కోడలు ఇంటికి వచ్చిన రోజునే మడత పెట్టిన గోనెపట్టా ఒకటి చేతికిచ్చి, "ఇదిగో నీ పట్టా, నాది ముట్టుకోకు" అంది. అత్తగారు ఇచ్చిన మొదటి కానుక అదే.

మొదట్లో ఆ పట్టా ప్రతి నెలా పరుచుకుంది. ఒక నెల పరుచుకోలేదు. అమ్మ చూసి ఊరుకుంది. రెండో నెల మా కూలీల మేస్త్రీ, ఎదురింటి కంగాణి, అతని పెళ్లాం ముంగిట్లో కూర్చుని, ఇంత గొంతు వేసుకుని అడిగేసింది.

"ఏటప్పా, మీ కోడలి పట్టా మడత ఇప్పనేదు ఈ నెల కూడా? సుట్టకుదురు సేసుకుంటావా దాన్ని?"

అమ్మ నవ్వింది. మా అమ్మ నవ్విందంటే లైన్లలో దండోరా వేసినట్టే. సాయంత్రానికి కుళాయి దగ్గర తెలిసింది, మర్నాడు పొద్దుటికి గేటు దగ్గర తడిమే మనిషికి తెలిసింది. ఆవిడ ఆ రోజు మా ఆవిడను తడమకుండా తల ఊపి పంపిందట.

నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మావాళ్లలో అది మగవాడికి చెప్పే మాట కాదు. నా కంచంలో పడాల్సిన కోడిగుడ్డు ఆమె కంచంలో పడితే మనమే అర్థం చేసుకోవాలి. నేను అర్థం చేసుకున్నాను. నిజమేనా అని ఆమెను చాటుగా అడిగితే, పైట అంచుతో మూతి కప్పుకుని ఆకుకూర తుంచడం ఆపలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. దీన్ని అబద్ధం అనేవాళ్లుంటే నా ఎదటికి రమ్మనండి.

ఆ వారాల్లో మా ఇల్లు వేరే ఇల్లయింది. తోటలో కోడలి రబ్బరు పాల బాల్దీ కూడా అమ్మే మోసేది. పాలడబ్బా కొని, చీమల్ని తానే ఏరి, గ్లాసు చేతికిచ్చి తాగేదాకా కదిలేది కాదు. మధ్యాహ్నం పని నుంచి వచ్చి స్నానాలయ్యాక కోడల్ని ముందు గడప మీద కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి, చిక్కు తీసి జడ వేసేది. జడ వేస్తూ తిట్టేది, ఈ జుట్టుకు చిన్నప్పటి నుంచి దిక్కూ దివాణం లేనట్టుందని. నేను పొగగూట్లో పని చేసేవాణ్ణి. రబ్బరు రేకులు ఆరబెట్టే పొగకు కళ్లు మండి ఇంటికి వస్తే, గడప మీద ఆ కొబ్బరినూనె వాసన కళ్లకు చలవగా ఉండేది.

తర్వాత ఒక పొద్దున తోటలో పని మధ్యలో ఆమె బయట చేరింది. అమ్మ పక్కనే ఉంది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దూరంగా నడుచుకుంటూ కంచె లోపలికి రావడం ఎదుటి వరస మొత్తం చూసింది. నేను పొగగూటి నుంచి వచ్చేసరికి అమ్మ పట్టా తీసి వెనక వసారాలో విదిలించి పరుస్తోంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చెంప మీద కొట్టినట్టు.

"అబద్ధపు కడుపు" అంది అమ్మ. గట్టిగా అనలేదు. కానీ ఎదుటి ముంగిలి ఎంత దూరం?

మర్నాడు ఆమెకు కళ్లు తిరిగితే ఎస్టేట్ ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. అక్కడ డాక్టరు పని కూడా చేసే డ్రెస్సరు ఆమె కింది రెప్ప లాగి చూశాడు, గోళ్లు చూశాడు, ఏం తింటున్నారని అడిగాడు. నేను చెప్పాను, తెల్లవారుజామున కాఫీ, మళ్లీ మధ్యాహ్నం అన్నం, మధ్యలో గాలి. అప్పుడాయన ఇంగ్లీషులో నాతో చెప్పాడు. ఒంట్లో రక్తం లేదు, తిండి చాలనప్పుడు ఒళ్లు ముందు ఈ పనినే ఆపుకుంటుంది, భయం వల్ల, జ్వరం వల్ల, మితిమీరిన చాకిరీ వల్ల కూడా ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ బిడ్డ ఉన్నట్టు కాదు అని. ఈసారి బిడ్డ లేదనే తాను అనుకుంటున్నానని, కానీ ఖాయంగా చెప్పే సాధనం తన దగ్గర లేదని కూడా అన్నాడు. ఆ చివరి మాట నేను ఆమెకు చెప్పలేదు. ఇనుము మాత్రలు ఇచ్చాడు.

తిరిగి వస్తుంటే దారిలో ఆమె మెల్లగా అంది, పెళ్లికి ముందు పిన్ని ఇంట్లో కూడా తనకు ఇలాగే నెలల తరబడి ఆగేదని. నేను నిలబడిపోయాను.

"నీకు తెలుసు గదా, మరి మొదటే ఎందుకు సెప్పలేదు?"

ఆమె పక్కనున్న మురికికాలవలోకి చూసింది. నేను మళ్లీ అడగలేదు, అప్పటికి ఆమె ముఖంలో రక్తం నిజంగానే లేదు.

ఇంటి దగ్గర కొబ్బరినూనె సీసా గూట్లోకి ఎక్కింది. కోడిగుడ్డు మళ్లీ నా కంచంలోకి వచ్చింది. బాల్దీలు ఎవరివి వాళ్లు మోసుకోవడం మొదలైంది. అమ్మ కోడలితో మాట్లాడటం మానలేదు, అదే ఇంకా ఘోరం. ఉప్పెక్కడ, చీపురెక్కడ అని మాత్రమే మాట్లాడేది. అమ్మ బాధ కూడా నాకు తెలియకపోలేదు. లైన్లవాళ్లందరి ముందూ నవ్విన మనిషి ఆమె. ఆ నవ్వు వెనక్కి తీసుకోవడం తెలియక కోడలి మీద పడేసింది.

కుళాయి దగ్గర మాటలు వేరే దారిలో పోయాయి. పాలు తాగడం కోసం కడుపని చెప్పుకుందన్నారు. పని తప్పించుకోవడానికన్నారు. ఉత్తి కడుపుకి ఎన్ని డబ్బాలో అని నవ్వుకున్నారు. చివరికి ఎవరో అన్నారు, ఆ పాలు ఆమె తాగిందని ఎవరు చూశారు, కంచె దాటి పోయాయేమో అని. ఎవరన్నారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. అంతకన్నా చిన్న మాటకు మనుషుల్ని లారీ ఎక్కించి తీసుకుపోయారు. వాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో ఎవరికీ తెలిసేది కాదు.

నేను చెయ్యి కడుక్కోకుండా అన్నం ముందు నుంచి లేచి కుళాయి దగ్గరికి పోయాను. ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే వేళ అది. మగవాడు అడుగు పెట్టే చోటు కాదు. నేను పోయి నిలబడి, నాకు తెలిసిన చదువంతా అక్కడ కుమ్మరించాను. నెల ఎందుకు తప్పుతుంది, రక్తం అంటే ఏమిటి, తిండి లేకుండా చెట్లు గీస్తే ఒంటికి ఏమవుతుంది, డ్రెస్సరు ఏమన్నాడు, అన్నీ చెప్పాను. ఇంగ్లీషు మాటలు కూడా చెప్పాను. నెల తప్పడం కబురు కాదు, కబురు చెప్పింది మీరు అన్నాను. మీలో ఎవరికి ఎప్పుడు ఆగింది, ఎవరెవరు బయటికి చెప్పుకోలేదు, గుండెల మీద చెయ్యి వేసుకోండి అన్నాను. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు.

ముందుగా తేరుకున్నది కంగాణి పెళ్లామే.

"ఒరే నాయనా, నీకు సిగ్గు నేదని మాకు తెల్సు గానీ, ఇంత సదువుందని తెల్దు. రేపట్నించి ఈడ బడెట్టు, మేవంతా పలకలట్టుకొస్తాం."

అందరూ పగలబడి నవ్వారు. ఆ పూట నుంచి నా పేరు ముట్టు పంతులు. పొగగూటి దగ్గర మగవాళ్లు కూడా అదే పిలుపు. "పంతులూ, ఈ రేకు ఆరిందా, నెల తప్పిందా?" అని అడిగేవారు. నవ్వండి, నవ్వి చావండి అనుకున్నాను. కానీ ఒకటి గమనించాను. డబ్బాలు కంచె దాటాయన్న మాట మాత్రం ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు. నన్ను చూసి నవ్వుతుంటే వాళ్లకు ఆమె సంగతి పాతబడిపోయింది. ఇంకోటి కూడా. ఒకరిద్దరు ఆడవాళ్లు చీకటి పడకముందే మా ఇంటి పక్కగా వచ్చి, ఆ ఇనుము మాత్రలు ఎలా అడగాలో మెల్లగా నన్నడిగి పోయారు. వాళ్లలో కంగాణి పెళ్లాం కూతురు ఒకతె.

అమ్మ నా ముఖం చూడలేదు చాలా రోజులు. మా ఆవిడ మాత్రం అన్నాళ్లకు మొదటిసారి నవ్వింది. గోడవైపు తిరిగి పడుకుని భుజాలు ఊగుతుంటే ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను.

"అక్కడికి పోయి ఇంగ్లీసు పేరు కూడా సెప్పినారా?" అంది ఊపిరాడక.

"సెప్పినాను."

"వాళ్లకేటి అర్తమైంది?"

"నాకే సరిగ్గా అర్తం కాలేదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. కంచం పక్కన పెట్టిన కోడిగుడ్డు ఆ రోజు నుంచి సగం సగం చేసుకున్నాం. నా సగంలో పచ్చసొన ఆమె వైపు పోయేది. అమ్మ చూసేది, చూడనట్టు ఉండేది.

పొద్దున పనివాళ్లకు కంచె లోపలే ఏదైనా తినిపించి పంపమని ఆఫీసు గుమాస్తా, కిరాణి అంటారు, ఆయన దగ్గరికి కూడా పోయి అడిగాను. పైనుంచి ఆర్డరు లేదన్నాడు. ఆకలికి ఆర్డరు ఎవరిచ్చారని అడిగాను. నన్ను బయటికి పొమ్మన్నాడు. పోయాను. ఎండిన రొట్టెముక్కలు ముందురోజే కొని, కాఫీలో ముంచి ఆమె చేత చీకట్లోనే తినిపించడం నేర్చుకున్నాను. కంచె లోపల కదా, ఏ చట్టమూ అడ్డురాలేదు.

మాత్రల వల్లో రొట్టె వల్లో ఆమె గోళ్లకు ఎరుపు వచ్చింది. పట్టా నెలనెలా క్రమంగా పరుచుకునేది. అలా చాలాకాలం గడిచింది.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని, మనల్ని మనమే పాలించుకుంటామని ఊరంతా చెప్పుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం పొగగూటి నుంచి వస్తే ఆమె వెనక వసారాలో పట్టా మీద కూర్చుని నా చొక్కాకు గుండీ కుడుతోంది. నేను అలవాటుగా దూరంగా గట్టు అంచున కూర్చున్నాను. ఎదుటి ముంగిట్లో కంగాణి పెళ్లాం బియ్యంలో రాళ్లు ఏరుతూ మా వైపే చూస్తోంది. మా ఆవిడ తల ఎత్తకుండా, దారం పంటితో తెంపుతూ అంది.

"నేను బయట చేరనేదు."

నాకు అర్థం కాలేదు. బయటే కూర్చున్నావు కదా అన్నాను.

"కూకున్నాను. కానీ అది నేదు. పోయిన నెలా నేదు. అప్పుడూ ఇలాగే కూకున్నాను."

మరి ఎందుకు కూర్చున్నావని అడిగాను. ఆమె సూది పట్టాకు గుచ్చి, మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఈ పాలి నేను సెప్పినప్పుడే తెలియాల. ఉంటే ఉన్నాదని నేనే సెప్తాను. పోతే నాకొక్కదానికే పోవాల."

నాకొక్కదానికే అన్న మాట నాకు తగిలింది. నాకు కూడా చెప్పావు కదా అన్నాను. "మీరు పంతులు గదా" అంది, నవ్వకుండా.

చూశారా. ఏ అబద్ధమూ ఆడనప్పుడు అబద్ధాలకోరు అన్నారు. ఇప్పుడు మూడు రోజులు అందరి కళ్ల ముందూ కూర్చుని ఉత్త అబద్ధం ఆడుతుంటే ఒక్కరూ అనుమానపడలేదు. అమ్మ ఆ రోజు కూడా వేరే కంచంలో అన్నం పెట్టి వసారా అంచుదాకా జరిపింది. నాకు గొంతుదాకా వచ్చింది, చెప్పేద్దామని. చెప్పలేదు. నా జన్మలో నేను నోరు మూసుకుని చేసిన పెద్ద పని అదే. మూడోసారి కూడా ఆమె కూర్చుంది. దొంగచాటుగా పుల్లటి కాయలు తెచ్చి ఇచ్చేవాణ్ణి. వికారం వచ్చినప్పుడు నా చొక్కాకు పట్టిన పొగవాసనకు అని చెప్పుకోవడానికి, దాన్ని ఉతుకుతున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఆ నెలల్లో నాకు భయం ఎంతో, సంతోషం కూడా అంతే. మా ఇద్దరి మధ్యే ఒక మనిషి ఉన్నట్టు, ఆ మనిషి ఇంకా ఎవరి నోటా పడనట్టు.

మెర్డెకా పొద్దున కంచె కంచెలాగే ఉంది. ఆ రోజు మాత్రం గేటు తెరిచి పెట్టారు, ఎవరినీ తడమలేదు. బడి ముందు జెండా ఎక్కిస్తారని అందరూ స్నానాలు చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఆడవాళ్లు కుళాయి దగ్గర ఆఖరి బిందెలు పట్టుకుంటున్నారు. మా అమ్మ అక్కడే ఉంది. మా ఆవిడ తిన్నగా పోయి అమ్మ ముందు నిలబడింది. నేను నాలుగడుగుల వెనక ఉన్నాను. ఏం జరగబోతోందో నాకు తెలుసు.

"అత్తా, నాకు నాలుగో నెల."

అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "ఏటి? మొన్న కూకున్నావు గదే, నాను సూసినాను గదా."

"కూకున్నాను. సుమ్మా కూకున్నాను." ఉత్తినే అనడానికి ఆమెకు తమిళ మాటే వచ్చింది.

"ఓలమ్మా" అంది కంగాణి పెళ్లాం, "సుమ్మా ఎవులైనా కూకుంటారా?"

మా ఆవిడ కంగాణి పెళ్లాం వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఎవులూ సెప్పకుండా కడుపని మీరు సుమ్మా అనుకున్నారు గదక్కా. అలాగే నేనూ సుమ్మా కూకున్నాను."

బిందె నిండి పొర్లింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ కోడలి ముఖంలోకి, తర్వాత పొట్టవైపు, తర్వాత నావైపు చూసింది. నాకు ముందే తెలుసని నా ముఖంలో కనిపెట్టేసింది. తిడుతుందనుకున్నాను. చెంబు కింద పెట్టి, కోడలి మణికట్టు పట్టుకుని ఇంటివైపు నడిచింది. అంతలో బడి దగ్గర జెండా వేళైందని గంట కొట్టారు. మగవాళ్లందరితో నేనూ పోయాను. అందరితో కలిసి మెర్డెకా అని అరిచాను. నా పక్కవాళ్లు దేశం కోసం అరిచారు. నేను దేని కోసం అరిచానో నాకే తెలియదు.

మా కూతురు పుట్టినప్పుడు కంచె ఇంకా ఉంది. తర్వాత అది కూడా పోయింది. అమ్మ ఆ పిల్లను నేల మీద నడవనివ్వలేదు. కోడలితో కూడా బాగానే ఉంది చివరిదాకా. కానీ ఆ అబద్ధపు కడుపు అన్న మాటకు మాత్రం ఏనాడూ తప్పయిందని అనలేదు. నేను ఎన్నోసార్లు ఎత్తబోయాను. మా ఆవిడే కళ్లతో ఆపేది. అమ్మ పోయాక కూడా నా కోపం పోలేదు. నా భార్య తరపున ఆ కోపాన్ని నేనే మోశాను. ఆమె మోసినట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఈమధ్య కౌలాలంపూర్ నుంచి మా మనవరాలు వచ్చింది. పెళ్లయి కొంతకాలమైంది, ఇద్దరూ ఉద్యోగాలు. వచ్చిన కాసేపటికే అమ్మమ్మతో గుసగుసలాడి స్నానాలగదిలోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో ఆ చిన్న పరీక్ష పుల్ల ఉంది. దాని మీద ఒకటే గీత. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాటలే తక్కువ. కళ్లు తుడుచుకుంటూ, "నేదు తాతా. ఎవర్కీ సెప్పొద్దు లాహ్" అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ లాహ్‌తో సహా. డాక్టరు దగ్గరికి పోయి రక్తం కూడా చూపించుకుంటానంది. నిద్ర లేకుండా పని చేస్తే ఇలా జరుగుతుందని తన డాక్టరు ముందే చెప్పిందట. నాకు ఎంత ముచ్చటేసిందో. తలుపు వేసుకుని, తనంతట తాను తెలుసుకుని, చెప్పాలనుకున్నవాళ్లకే చెప్పుకునే రోజు. ఎదుటి ముంగిలి లేదు, పట్టా లేదు.

నేను ఊరుకుంటానా. ఆ పిల్లను కూర్చోబెట్టి మీ అమ్మమ్మకు జరిగిన అన్యాయం విను అని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చెబుతుంటే మళ్లీ ఒళ్లు మండింది. మనవరాలు నోరు తెరుచుకుని విని, అమ్మమ్మను కావలించుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఇద్దరమే మిగిలాం. ఆమె టీ గ్లాసులు కడిగి బోర్లిస్తోంది. అప్పుడు ఆ మురికికాలవ పక్కన అడిగిన మాట నేను మళ్లీ అడిగాను. నీ ఒంటి సంగతి నీకు తెలుసు. రెండోసారి అంత నేర్పుగా కూర్చున్నదానివి, మొదటిసారి కూడా ఒక్క నెల ఉత్తినే కూర్చుని ఉంటే, లేదా ఒక్క మాట చెప్పి ఉంటే, ఎవరి నోటా పడేదానివి కాదు కదా, ఎందుకు చెప్పలేదు అని.

ఆమె చేతులు తుడుచుకుంది. ఇన్నేళ్లకు జవాబు చెప్పింది.

"సిన్నమ్మ తన కూతుళ్లకి తల దువ్వేది. నాది నేనే దువ్వుకున్నాను, ఎప్పుడూ. మీ అమ్మ ఆ దినాల్లో రోజూ గడప మీద కూకోబెట్టి నూని రాసి దువ్వింది. మోటు సెయ్యి, పీకేది, కళ్లంట నీళ్లొచ్చేవి. పట్టా మీద కూకుంటే నన్ను ముట్టుకోదు గదా. కాదని సెప్తే ఆపేస్తాది గదా. ఇంకో నాలుగు దినాలు దువ్వనీ అనుకున్నాను, అంతే. మీరు ఇన్నాళ్లూ మీ అమ్మ మీద కోపం పెట్టుకున్నారు గానీ, మెర్డెకా దినం ఇంటికి లాక్కుపోయి, ఏసుకున్న జడ ఇప్పేసి మల్లీ దువ్వింది. మీరు సూడనేదు. జెండా కాడికి పోయినారు."